క్లబ్ కార్ గోల్ఫ్ కార్ట్ 2007, 48 వోల్టులు: బండి స్లో అయిపోయింది, ఎత్తు ఎక్కడం లేదు. బ్యాటరీలా, కంట్రోలరా?

కొండవీటి_కుర్రాడు (పీచ్‌ట్రీ సిటీ, జార్జియా)

అందరికీ నమస్కారం. మేం ఉండేది పీచ్‌ట్రీ సిటీలో. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను, ఇది అట్లాంటాకి దక్షిణాన ఉంటుంది. ఊరంతా కలిపి వంద మైళ్లకు పైగా కార్ట్ దారులున్నాయి. పిల్లల్ని స్కూల్లో దింపాలన్నా, పాల డబ్బా తేవాలన్నా జనం గోల్ఫ్ కార్ట్‌లోనే వెళ్తారు. నాకైతే గోల్ఫ్ కర్ర ఎలా పట్టుకోవాలో కూడా తెలియదు.

బండి వివరాలు: క్లబ్ కార్ ప్రెసెడెంట్, 2007 మోడల్, ఐక్యూ సిస్టమ్ (క్లబ్ కార్ వాళ్ల ఎలక్ట్రానిక్ కంట్రోల్ పద్ధతి), 8 వోల్టుల ట్రోజన్ టి-875 బ్యాటరీలు ఆరు. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. కొన్న కొత్తలో చదునులో గంటకి 14, 15 మైళ్లు పోయేది. ఇప్పుడు 11 దాటడం లేదు. రోడ్డు కింది సొరంగంలోంచి బయటికొచ్చి పైకి ఎక్కేచోట 6కి పడిపోతోంది. ప్రస్తుతం అమ్మానాన్న గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు. నలుగురం ఎక్కితే ఆ ఎత్తు దగ్గరికి రాగానే నాన్న "నేను దిగి నడుస్తాలేరా" అంటున్నారు. వెనక వచ్చే పిల్లలు హారన్ కొట్టి దాటిపోతున్నారు.

ఒక షాపువాళ్లకి ఫోన్ చేస్తే, బండి చూడకుండానే "కంట్రోలర్ పోయి ఉంటుంది, మార్చాలి" అన్నారు (మోటర్‌కి ఎంత కరెంటు పోవాలో చూసే పెట్టె అది). ఎలాగూ మార్చాల్సి వస్తే కాస్త స్పీడు పెంచే సామానే వేయిద్దామని ఆలోచన. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

ఫ్రిస్కో_బుజ్జి (టెక్సస్)

బ్రో, ఈ కాలంలో ఇంకా లెడ్ యాసిడ్ ఏంటి? ఆరూ పీకేసి 51.2 వోల్టుల లిథియం ఒకటి పెట్టెయ్. మాకు పెట్టించాక ఎక్కడి బండి ఎక్కడి పికప్! నీళ్లు పోసే పని లేదు, తుప్పు లేదు, బరువు కూడా చాలా తగ్గుతుంది. బడ్జెట్ ఉంటే అదే చేత్తో నావిటాస్ 440 ఆంపియర్ల కంట్రోలర్ కూడా వేసుకో, ఫోన్లో యాప్ నుంచే స్పీడు సెట్ చేసుకోవచ్చు.

చింతచెట్టు (షార్లెట్)

బుజ్జి గారి దగ్గర ఏ రోగానికైనా మందు ఒక్కటే. పోయినసారి నా బండి టైరు పంక్చరైందని పోస్టు పెడితే కూడా లిథియమే అన్నారు.

వోల్టుమీటర్_మామయ్య (అగస్టా, జార్జియా)

బుజ్జీ, నీ లిథియం సంగతి తర్వాత చూద్దాం. ముందు రోగమేంటో తేలనీ.

కుర్రాడు గారూ, నేను ఈ బళ్ల రిపేరు పనిలో చాలాకాలం ఉన్నాను. మా ఊరు ఎలాంటిదంటే, ఈజీగో కంపెనీ 1954లో ఇక్కడే పుట్టింది, మీ క్లబ్ కార్ తయారయ్యేదీ ఈ పక్కనే. చూసినంతలో చెప్తున్నాను: స్లో అయిందని వచ్చిన బళ్లలో కంట్రోలర్ పోయినవి తక్కువ. కంట్రోలర్ పోతే చాలావరకు బండి కదలదు. మెల్లగా నీరసపడుతూ వచ్చిందంటే అనుమానం ముందు బ్యాటరీల మీద, తర్వాత కేబుళ్ల మీద, ఆ తర్వాత బ్రేకుల మీద.

డబ్బు ఖర్చు కాని పనులు ముందు చేయండి. సీటు కింద టో (బండిని లాగేటప్పుడు), రన్ (నడిపేటప్పుడు) స్విచ్ ఉంటుంది. దాన్ని టోలో పెట్టి చదునైన చోట బండిని చేత్తో తోయండి. ఒక్క మనిషి తోస్తే సులువుగా దొర్లాలి. గట్టిగా నెట్టాల్సి వస్తే వెనక డ్రమ్ బ్రేకులు పట్టేసి ఉన్నాయన్నమాట. పార్కింగ్ బ్రేక్ కేబుల్ తుప్పు పట్టి పూర్తిగా వెనక్కి రాకపోయినా ఇదే జరుగుతుంది. టైర్లలో గాలి 20 పీఎస్ఐ దగ్గర ఉందా చూడండి. నమ్మరు గానీ, 10 పీఎస్ఐతో తిప్పుతూ కొత్త మోటర్ కావాలని వచ్చినవాళ్లున్నారు.

తర్వాత రాత్రంతా చార్జ్ పెట్టండి. తీశాక కొన్ని గంటలు కదల్చకుండా ఉంచి, ఆరు బ్యాటరీలనూ విడివిడిగా కొలవండి. నిండా చార్జయిన టి-875 8.49 వోల్టుల దగ్గర ఉండాలి, మొత్తం ప్యాక్ 50.9 దగ్గర. 8.07 అంటే సగం ఖాళీ అయినట్టు.

అక్కడితో ఆగితే లాభం లేదు. ఊరికే ఉన్నప్పుడు కొలిస్తే చచ్చిన బ్యాటరీ కూడా 8 పైనే చూపిస్తుంది. అసలు గుట్టు ఎత్తు ఎక్కేటప్పుడు బయటపడుతుంది. మీటర్‌కి పొడుగు వైర్లు, చివర క్రొకడైల్ క్లిప్పులు, వైరు మొదట్లో చిన్న ఫ్యూజు పెట్టుకోండి. ఒక్కో బ్యాటరీకి తగిలించి, వైర్లు సీటు కింద నుంచి బయటికి తీసి, పక్కన కూర్చున్నవాళ్లు మీటర్ పట్టుకుని రీడింగ్ రాసుకోవాలి. ప్రతిసారీ అదే ఎత్తు, అదే బరువు, పెడల్ పూర్తిగా నొక్కి ఉంచాలి.

చేతికి ఉంగరం, కడియం, గొలుసుకట్టు వాచీ ఉంటే తీసేసి మొదలుపెట్టండి. స్పానర్‌కి టేపు చుట్టండి. 48 వోల్టులు షాక్ కొట్టకపోయినా, రెండు టెర్మినళ్ల మధ్య ఇనుము పడితే ఎర్రగా కాలుతుంది.

సైనిక్‌పురి_ఎలక్ట్రీషియన్ (హైదరాబాద్)

నమస్తే అన్నా. నేను ఇక్కడ ఒక గేటెడ్ కమ్యూనిటీలో బ్యాటరీ బగ్గీలు చూస్కుంటా. మామయ్య గారు చెప్పింది కరెక్ట్. నాదొక మాట కలపండి: నీళ్ల బ్యాటరీలే కాబట్టి హైడ్రోమీటర్ (యాసిడ్ చిక్కదనం కొలిచేది) తెచ్చుకోండి, చవకే. వోల్టు మీటర్ బ్యాటరీ మొత్తం చెప్తది, హైడ్రోమీటర్ ఒక్కో సెల్ సంగతి చెప్తది. మీ 8 వోల్టుల దాంట్లో నాలుగు సెల్స్ ఉంటయ్. నిండా చార్జయితే గ్రావిటీ (ఆ చిక్కదనం) 1.277 దగ్గర రావాలె. మూడు మంచిగ చూపించి ఒకటి మాత్రం బాగా తక్కువుంటే ఆ సెల్ పోయినట్టే.

నీళ్లు చూసినారా? మా దగ్గర ఎండాకాలంల వారం వారం చూడాలె, లేకుంటే ప్లేట్లు బయటపడ్తయ్. పోసేది డిస్టిల్డ్ వాటరే. అది కూడా చార్జింగ్ అయినంక పొయ్యాలె. ముందే నిండుగ పోస్తే చార్జింగ్‌ల యాసిడ్ పొంగి ట్రే, కేబుల్, ఛాసిస్ అన్నీ తింటది. ప్లేట్లు తేలి కనిపిస్తుంటే మటుకు, అవి మునిగేంత పోసి అప్పుడు చార్జ్ పెట్టాలె.

టాంపా_అక్కయ్య (ఫ్లోరిడా)

ఒకటి అడగనా తమ్ముడూ, బండి సాఫీగానే పోతూ స్లోగా ఉందా, లేక గతుకుతూ పోతోందా? మా అత్తమామల బండి కూడా ఇదే ఐక్యూ. దానికి ఉన్నట్టుండి స్పీడు సగానికి సగం పడిపోయి, వెనక ఎవరో లాగి వదిలినట్టు కుదుపులు మొదలయ్యాయి. చూసినతను బ్యాటరీలన్నీ మార్పించాడు. కొత్త బ్యాటరీలతోనూ అదే కుదుపు! చివరికి తేలిందేంటంటే, మోటర్ చివర ఉండే స్పీడ్ సెన్సర్ పోయింది. చేతిలో ఇమిడే చిన్న ముక్క. ఆ సెట్ డబ్బులు ఎవరిస్తారు చెప్పండి.

వోల్టుమీటర్_మామయ్య

అక్కయ్య గారు అడిగిన ప్రశ్న చాలా ముఖ్యం. ఐక్యూలో మోటర్ ఎంత వేగంగా తిరుగుతోందో కంట్రోలర్‌కి చెప్పేది ఆ సెన్సరే. షాఫ్ట్ చివర ఒక అయస్కాంతం, దాని ఎదురుగా సెన్సర్ ఉంటాయి. లెక్క అందకపోతే కంట్రోలర్ భయపడి వేగం తగ్గించేస్తుంది. వెనక చక్రాలు జాకీ స్టాండ్ల మీద లేపి చేత్తో మెల్లగా తిప్పుతుంటే సెన్సర్ సిగ్నల్ వైరు మీద వోల్టేజ్ పడుతూ లేస్తూ ఉండాలి. ఒకే అంకె దగ్గర బిగుసుకుపోతే సెన్సర్ గానీ అయస్కాంతం గానీ పోయినట్టు.

కుదుపులకి ఇంకో కారణం పెడల్ దగ్గరి ఎంకార్. క్లబ్ కార్‌లో ఎంత తొక్కామో కంట్రోలర్‌కి చెప్పే భాగం అది. లోపల ట్రాక్ అరిగితే పెడల్ సగం తొక్కినచోట బండి ఉలిక్కిపడుతుంది, లేదా పూర్తిగా తొక్కినా పూర్తి వేగం అందదు. పెడల్ మెల్లగా నొక్కుతూ మీటర్ చూడండి. రీడింగ్ సాఫీగా పెరగాలి, మధ్యలో గెంతకూడదు.

కొండవీటి_కుర్రాడు

అక్కా, కుదుపులేం లేవు. సాఫీగానే పోతుంది, ఓపిక లేనట్టు పోతుంది, అంతే.

బ్రేకులు బానే ఉన్నాయి, టోలో పెడితే మా ఆవిడ ఒక చేత్తో తోసేసింది. గాలి మాత్రం ముందు టైర్లలో 12 ఉంటే 20 కొట్టాను. నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని రీడింగులు తీశాం. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు, పాత చెక్కు పుస్తకం అట్ట మీద గళ్లు గీసి రాశారు.

ఊరికే ఉన్నప్పుడు: 8.46, 8.47, 8.46, 8.30, 8.45, 8.46. మొత్తం 50.6.

అదే ఎత్తు మీద, పెడల్ పూర్తిగా నొక్కి: 7.3, 7.3, 7.4, 5.7, 7.2, 7.3. ఆ ఎత్తు మీదే ప్యాక్ రెండు కొసల మధ్య కొలిస్తే 40.9.

నాలుగో దాని హైడ్రోమీటర్ రీడింగ్: మూడు సెల్స్ 1.260 దగ్గర, ఒకటి 1.150. సైనిక్‌పురి అన్న చెప్పినట్టే. నీళ్లు కూడా ఆ సెల్‌లోనే తక్కువగా ఉన్నాయి.

ఇంక ఒక్క నాలుగోది మార్చేస్తే సరిపోతుంది కదా?

వోల్టుమీటర్_మామయ్య

నాలుగోది పోయింది, సందేహం లేదు. ఆరూ సిరీస్‌లో ఉన్నాయి, అంటే అదే కరెంటు అన్నింట్లోంచీ పోవాలి. పల్లకీ మోసేవాళ్లలో ఒకడు కుంటితే మిగతావాళ్ల బలం ఏం పనికొస్తుంది?

కానీ మాస్టారి పట్టిక ఇంకో విషయం కూడా చెప్తోంది. ఎత్తు మీద ఆరు అంకెలూ కూడండి. 42.2 వస్తుంది. కొసల మధ్య మీకు వచ్చింది 40.9. ఆ 1.3 వోల్టులు ఎక్కడికి పోయాయి? బ్యాటరీల లోపల కాదు, బ్యాటరీల మధ్యలో. బ్యాటరీలను కలిపే ఐదు కేబుళ్లలో ఎక్కడో ఒక జాయింట్ తినేస్తోంది. ఎత్తు మీద 200 ఆంపియర్లు లాగుతోందనుకుంటే 1.3 వోల్టులంటే 260 వాట్లు. అదంతా వేడిగా పోతోంది. ఎత్తు ఎక్కి దిగగానే బండి ఆపి, సీటు ఎత్తి, చేతి వెనకవైపు లగ్గులకి (కేబుల్ చివర పోస్టుకి బిగించే లోహపు ముక్కలు) దగ్గరగా పెట్టి చూడండి. ముట్టుకోవద్దు. దగ్గరగా పెడితేనే తెలుస్తుంది.

మీటర్‌తో పట్టుకోవాలంటే ఒక క్లిప్పు సీసపు పోస్టుకి, ఇంకోటి అదే పోస్టు మీది లగ్గుకి తగిలించి ఎత్తు ఎక్కండి. అక్కడ సున్నాకి అటూ ఇటూగా రావాలి.

సోలెనాయిడ్‌ని (పెడల్ నొక్కగానే కంట్రోలర్‌కి కరెంటు కలిపే పెద్ద స్విచ్) కూడా ఇలాగే చూడొచ్చు. దాని రెండు పెద్ద పోస్టుల మధ్య మీటర్ పెట్టండి. పెడల్ నొక్కి 'టక్' మన్నాక దాదాపు సున్నా చూపించాలి. శబ్దం వచ్చింది కదా అని వదిలేయకండి. లోపల కాంటాక్టులు కాలి ఉంటే శబ్దం మామూలుగానే వస్తుంది, కరెంటు మాత్రం సరిగా పోదు.

కొండవీటి_కుర్రాడు

మామయ్య గారూ, మీకు దండం పెట్టాలి. ఐదో బ్యాటరీ నెగెటివ్ లగ్గు. మీటర్‌లో అక్కడొక్కచోటే 0.9 వచ్చింది. బూడిద రంగు పొడి పైకి కనబడలేదు, ఎందుకంటే పాత ఓనరు దాని మీద ఎర్ర స్ప్రే కొట్టి ఉంచాడు. నట్టు విప్పి లగ్గు లాగితే రాలేదు. స్క్రూడ్రైవర్‌తో మెల్లగా లేపితే లగ్గు కింద పోస్టు సీసం ఒక పక్క కరిగి జారి మళ్లీ గట్టిపడి ఉంది. కేబుల్ రబ్బరు ఒక జానెడు దూరం పెంకులా బిగుసుకుపోయి, వంచితే పగిలింది. లోపల రాగి తీగలు ఆకుపచ్చగా, పిండిలా రాలుతున్నాయి.

సోలెనాయిడ్ మంచిగానే ఉంది, 0.05.

ఇప్పుడు రెండు ప్రశ్నలు. ఒక్క కేబుల్ మారిస్తే చాలా, మొత్తం సెట్ 4 గేజ్ (గేజ్ అంకె తగ్గేకొద్దీ కేబుల్ లావు) వేయించాలా? నాలుగో బ్యాటరీ ఒక్కటే కొత్తది వేస్తే పాతవాటి మధ్య ఇబ్బందా?

ఫ్రిస్కో_బుజ్జి

కేబుళ్లు 2 గేజ్ వేయించు బ్రో, స్పీడు పెరుగుతుంది.

వోల్టుమీటర్_మామయ్య

పెరగదు బుజ్జీ. లెక్క వేసి చూద్దాం. కంపెనీ ఇచ్చేది 6 గేజ్. బండిలో మొత్తం పన్నెండు అడుగుల కేబుల్ ఉందనుకో. 200 ఆంపియర్ల దగ్గర 6 గేజ్‌లో పోయేది సుమారు 0.95 వోల్టులు, 4 గేజ్‌లో 0.6, 2 గేజ్‌లో 0.37. అంటే మంచి కేబుళ్ల మీద ఎంత లావు వేసినా మిగిలేది అర వోల్టు చిల్లర. కుర్రాడు గారికి ఒక్క లగ్గు దగ్గరే 0.9 పోయింది చూశావా? లావు కంటే జాయింట్ ముఖ్యం.

అయినా సెట్ మొత్తం 4 గేజ్ వేయించమనే చెప్తాను, కారణం వేరు. ఒక కేబుల్ అలా పాడైందంటే మిగతావీ అదే యాసిడ్ ఆవిరిలో ఉన్నాయి. రేపు కంట్రోలర్ మార్చినా ఈ కేబుళ్లు పనికొస్తాయి. లగ్గులు గట్టిగా క్రింప్ చేసి, మీద హీట్ ష్రింక్ వేసినవి తీసుకోండి. పోస్టులు ముందు వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్దండి. సోడా నీళ్లు బ్యాటరీ మూతల్లోకి పోనివ్వకండి. లగ్గు బిగించాకే పైన స్ప్రే, ముందు కాదు.

ఏ కేబుల్ విప్పే ముందైనా టోలో పెట్టండి, ముందు ప్యాక్ మెయిన్ నెగెటివ్ తీయండి. విప్పడానికి ముందు ఫోటో తీసుకోండి. మీ ఐక్యూలో నెగెటివ్ కేబుల్ ఒకటి ఆన్‌బోర్డ్ కంప్యూటర్ గుండా దూరి వస్తుంది, దాన్ని అలాగే తిరిగి పెట్టాలి. చార్జింగ్ లెక్కలు చూసేది అదే. అన్నీ తగిలించాక కాసేపు ఆగి రన్‌లో పెట్టండి.

ఇక ఒక్క బ్యాటరీ సంగతి. ముందు వయసు చూడండి. ట్రోజన్ అయితే టెర్మినల్ మీద ఒక అక్షరం, ఒక అంకె కొట్టి ఉంటాయి. అక్షరం నెల (ఎ అంటే జనవరి), అంకె సంవత్సరంలో చివరిది. రెండేళ్ల లోపు సెట్ అయితే ఒకటి కొత్తది వేయొచ్చు. ఐదేళ్లు దాటితే ఒకదానికి కొత్త ధర పెట్టడం దండగ, ఆ కొత్తది కూడా ముసలివాటితో సమానంగా తొందరగా దిగిపోతుంది. నాలుగేళ్ల దగ్గరుంటే దాదాపు అదే వయసున్న వాడిన టి-875 వెతకండి. మీ ఊర్లో అందరికీ కార్ట్‌లే కాబట్టి దొరక్కపోవడం ఉండదు. కొనే ముందు హైడ్రోమీటర్‌తో చూడండి.

సైనిక్‌పురి_ఎలక్ట్రీషియన్

వాడిన బ్యాటరీ పెట్టినంక ఒకసారి ఈక్వలైజ్ చార్జ్ ఇయ్యుండ్రి అన్నా, చార్జర్‌ల ఆ సౌకర్యం ఉంటే. అన్ని సెల్స్ గ్రావిటీ దగ్గర దగ్గరకు వస్తది. ఆ టైంల గ్యాస్ బాగ వస్తది, గరాజ్ డోర్ తెరిచిపెట్టాలె. సిగరెట్టు, దీపం దగ్గరికి రానియ్యద్దు.

కొండవీటి_కుర్రాడు

అప్‌డేట్. కోడ్ చూస్తే సెట్ నాలుగేళ్లది. మూడు వీధుల అవతల ఒకాయన లిథియంకి మారి పాత టి-875లు అమ్ముతుంటే, హైడ్రోమీటర్ పట్టుకెళ్లి ఒకటి ఏరుకున్నాను. ఆయన నన్ను చూసి నవ్వాడు గానీ కాఫీ కూడా ఇచ్చాడు. కేబుళ్లు మొత్తం 4 గేజ్ వేశాను.

చదునులో 15. ఆ ఎత్తు మీద నలుగురితో 11. ఎత్తు మీద ప్యాక్ 44.1 దగ్గర నిలబడింది. నాన్న దిగడం మానేశారు, ఇప్పుడు స్టీరింగ్ కావాలంటున్నారు.

ఇప్పుడు ఆశ పెరిగింది. మా వీధిలో కొన్ని బళ్లు 19 పోతున్నాయి. 15 నుంచి 19కి రావడానికి ఏం చేయాలి?

చింతచెట్టు

కంట్రోలర్ పోయిందన్న షాపతనికి ఓ స్వీట్ బాక్స్ పంపండి. ఖాళీది.

వోల్టుమీటర్_మామయ్య

15 అంటే మీ కంట్రోలర్ ఫ్లీట్ సెట్టింగ్‌లో ఉన్నట్టుంది. గోల్ఫ్ కోర్సులకి ఇచ్చే బళ్లు అలాగే వస్తాయి, మీది ఏదో కోర్సు నుంచి రిటైరై వచ్చి ఉంటుంది. ఐక్యూలో స్పీడ్ కోడ్ అని ఉంటుంది. డీలర్ దగ్గర చేతిలో పట్టుకునే ప్రోగ్రామర్ ఉంటుంది, తగిలించి ప్రైవేట్ సెట్టింగ్‌కి మారిస్తే ఇదే మోటర్, ఇదే కంట్రోలర్‌తో 19 దగ్గరికి వస్తుంది. అన్నింటికంటే చవక మార్గం ఇదే. ముందు అది అడగండి.

ఇది ఎందుకు పనిచేస్తుందంటే, మీ వెనక గేరు నిష్పత్తి 12.28కి 1. 18 అంగుళాల టైరుతో 15 మైళ్ల దగ్గర మోటర్ సుమారు 3,440 సార్లు తిరుగుతుంది నిమిషానికి. 19 దగ్గర 4,360. మోటర్‌కి ఆ శక్తి ఉంది. సెన్సర్ లెక్కపెడుతూ ఉంటే కంట్రోలర్ 3,440 దగ్గర ఆపేస్తోంది. అందుకే ఫ్లీట్ సెట్టింగ్ బండికి ఎంత మంచి బ్యాటరీ వేసినా చదునులో అంతకి మించి పోదు.

22 అంగుళాల టైర్లు వేస్తే ఏమీ మార్చకుండానే 15 కాస్తా 18 దాటుతుంది, ఎందుకంటే సెన్సర్‌కి తెలిసేది మోటర్ చుట్లే, టైరు సైజు కాదు. కానీ ఎంత శాతం వేగం పెరిగిందో దాదాపు అంత లాగే బలం తగ్గుతుంది. బండిని పైకి లేపే లిఫ్ట్ కిట్ కూడా కావాలి. మీ సమస్య మొదలైందే ఎత్తు దగ్గర, పైగా పెద్దవాళ్లు ఎక్కి దిగాలి. నేనైతే వద్దంటాను.

ఫ్రిస్కో_బుజ్జి

మామయ్యా, ఎత్తుకి కంట్రోలర్ కరెక్ట్ మందు కదా? అది కూడా ఒప్పుకోరా?

వోల్టుమీటర్_మామయ్య

ఒప్పుకుంటా. చదునులో వేగం వోల్టేజ్, సెట్టింగుల చేతిలో ఉంటుంది, ఎత్తులో బలం ఆంపియర్ల చేతిలో ఉంటుంది. ఆల్‌ట్రాక్స్ ఎక్స్‌సీటీ 400 ఆంపియర్లది గానీ, నువ్వు చెప్పిన నావిటాస్ గానీ వేస్తే ఎత్తు మీద తేడా బాగా తెలుస్తుంది. కొనేటప్పుడు ఐక్యూకి సరిపోయే రకమేనా అని చూసుకోవాలి. వీళ్ల మోటర్ సెపరేట్లీ ఎక్సైటెడ్ రకం (లోపలి రెండు వైండింగులకీ కరెంటు విడివిడిగా వెళ్తుంది), సిరీస్ మోటర్ కంట్రోలర్ దీనికి పనికిరాదు. దాంతోపాటు సోలెనాయిడ్ కూడా పెద్దది వేయాలి.

కానీ ఆ 400 ఆంపియర్లు ఎక్కడి నుంచి రావాలి? నాలుగేళ్ల టి-875 సెట్ నుంచా? దాని మీద రాసిన 170 ఆంపియర్-అవర్ కూడా 20 గంటలపాటు మెల్లగా వాడితే వచ్చే లెక్క. గట్టిగా లాగేకొద్దీ అంత ఇవ్వదు. ముసలి బ్యాటరీల మీద పెద్ద కంట్రోలర్ వేస్తే ఎత్తు బాగా ఎక్కి, ఇంటికి మాత్రం తోసుకుంటూ రావాల్సి వస్తుంది.

టాంపా_అక్కయ్య

తమ్ముడూ, స్పీడు పెంచే ముందు చట్టం ఒకసారి చూసుకో. గంటకి 20 మైళ్లు దాటగలిగే బండి అమెరికా చట్టం దృష్టిలో గోల్ఫ్ కార్ట్ కాదు. 1998లో ఫెడరల్ వాళ్లు 20 నుంచి 25 మైళ్ల మధ్యవాటికి లో-స్పీడ్ వెహికల్ అని వేరే తరగతి పెట్టారు. దానికి హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, అద్దాలు, సీటు బెల్టులు, వీఐఎన్ (బండి గుర్తింపు) నంబర్ అన్నీ ఉండాలి. మాకు ఫ్లోరిడాలో అయితే 2023 అక్టోబర్ నుంచి 18 లోపు పిల్లలు రోడ్డు మీద కార్ట్ నడపాలంటే లైసెన్స్ గానీ లెర్నర్స్ గానీ ఉండాల్సిందే. మీ జార్జియా రూల్స్, మీ సిటీ రూల్స్ సిటీ హాల్‌లో అడుగు. ఇన్సూరెన్స్ వాళ్లకి స్పీడు పెంచిన సంగతి చెప్పకపోతే క్లెయిమ్ అప్పుడు అదే పట్టుకుంటారు.

ఇంకోటి. వెనక సీటులో వెనక్కి ముఖం పెట్టి కూర్చున్నవాళ్లు మలుపులో జారిపోతారు. పెద్దవాళ్లని ముందు సీట్లోనే కూర్చోబెట్టు.

వోల్టుమీటర్_మామయ్య

అక్కయ్య గారు చెప్పింది అక్షరాలా నిజం. ఈ బళ్లకి బ్రేకులు వెనక చక్రాలకే. 19 పెట్టించే ముందు డ్రమ్ములు విప్పించి షూలు చూపించండి. దిగుడులో తేడా తెలుస్తుంది. 19 చాలు, అంతకి మించి వద్దు.

కొండవీటి_కుర్రాడు

సరే, 19 చాలు. డీలర్ దగ్గర స్పీడ్ కోడ్ మార్పించి, అక్కడే బ్రేకులు కూడా చూపిస్తాను. కంట్రోలర్ ఇప్పుడు వద్దు. ఈ సెట్ దిగిపోయాక లిథియంకి వెళ్తాను. బుజ్జీ, అప్పుడు ఏం చూసుకోవాలో ఒక్కసారి వివరంగా రాయవా? జోకు కాదు, నిజంగా అడుగుతున్నాను.

ఫ్రిస్కో_బుజ్జి

ఆహా, వచ్చింది నా టైము.

ముందు బరువు. నీ ఆరు బ్యాటరీలు కలిపి 170 కిలోల పైమాటే. 105 ఆంపియర్-అవర్ లిథియం 50 కిలోల చుట్టుపక్కల. అంటే ఇద్దరు మనుషులు దిగిపోయినట్టే. ఎనర్జీ 5.4 కిలోవాట్-అవర్స్ దాకా వస్తుంది, దాదాపు అంతా వాడుకోవచ్చు. లెడ్‌లో సగం దాటి వాడితే ఆయుష్షు తగ్గుతుంది. ఎత్తు మీద నీది 50 పైనుంచి 44కి పడింది కదా, లిథియంలో అంత పడదు. చివరిదాకా అదే పికప్.

చూసుకోవాల్సింది బీఎంఎస్, అంటే లిథియం బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్. ఎన్ని ఆంపియర్లు ఆపకుండా ఇస్తుంది, కొన్ని సెకన్లపాటు గరిష్ఠంగా ఎంత ఇస్తుంది అన్నవి రెండూ అడుగు. కంట్రోలర్ 400 లాగుతుంటే బీఎంఎస్ 200కే కట్ చేస్తే ఎత్తు మధ్యలో బండి ఆగిపోతుంది, ఏ హెచ్చరికా ఉండదు. పాత చార్జర్ పనికిరాదు, లిథియంకి సరిపడేది కావాలి. మామయ్య చెప్పిన ఆన్‌బోర్డ్ కంప్యూటర్‌ని బైపాస్ చేయాలి, దానికి విడిగా జంపర్ దొరుకుతుంది. లైట్లకి, హారన్‌కి 12 వోల్టుల కన్వర్టర్ ఉండాలి. ఒక్క బ్యాటరీ నుంచి 12 వోల్టులు లాగే పాత పద్ధతులు ఇక కుదరవు. గడ్డకట్టే చలిలో, అంటే 32 ఫారన్‌హీట్ కింద, చార్జ్ చేయకూడదు. మంచి బీఎంఎస్ అయితే అదే ఆపేస్తుంది. జార్జియాలో జనవరి రాత్రుళ్లు చూసుకో.

వోల్టుమీటర్_మామయ్య

బుజ్జీ, ఇది బాగా రాశావు. ఒక్కటి కలుపుతా: లిథియం వేసినా కేబుళ్లు, లగ్గులు అవే. ఆ ఐదో నెగెటివ్ లాంటిది ఒకటి మిగిలిపోతే కొత్త బ్యాటరీతో ఇంకా తొందరగా కాలుతుంది.

అవనిగడ్డ_ఆస్టిన్ (టెక్సస్)

కొత్త సభ్యుణ్ణి. ఈ చర్చ మొత్తం చదివాను. నాది ఈజీగో టీఎక్స్‌టీ, 36 వోల్టులు, ఇదే జబ్బు. ఇవే టెస్టులు చేయొచ్చా? వెనక చక్రాలు లేపి పెడల్ పూర్తిగా తొక్కితే టాప్ స్పీడ్ తెలుస్తుందని ఎవరో అన్నారు.

వోల్టుమీటర్_మామయ్య

ఆ పని మాత్రం చేయకండి. టీఎక్స్‌టీలలో సిరీస్ మోటర్‌తో వచ్చినవీ ఉన్నాయి. సిరీస్ మోటర్‌కి బరువు లేకుండా పూర్తి కరెంటు ఇస్తే అదుపు లేకుండా వేగం పెరిగి లోపలి వైండింగ్ ఎగిరిపోతుంది. మీది సిరీసా, పీడీఎస్సా (ఈజీగోలో సెపరేట్లీ ఎక్సైటెడ్ రకం) అన్నది ముందు తేలాలి. సీరియల్ నంబర్ ప్లేటు ఫోటో పెట్టండి.

టెస్టులన్నీ ఇవే, అంకెలు వేరు. మీవి 6 వోల్టులవి ఆరు ఉంటాయి. నిండా చార్జయితే ఒక్కోటి 6.37, ప్యాక్ 38.2 దగ్గర. 6.05 అంటే సగం. కొత్త చర్చ తెరిచి నాలుగు అంకెలు రాయండి: చార్జయ్యాక ఒక్కో బ్యాటరీ, ఎత్తు మీద ఒక్కో బ్యాటరీ, ఎత్తు మీద ప్యాక్ కొసల మధ్య, సోలెనాయిడ్ పోస్టుల మధ్య. అవి లేకుండా బుజ్జి ఏం కొనమన్నా కొనకండి.